కొలంబోలో సగం ఆట

ఈ సంగతి చెప్పేటప్పుడల్లా మా అక్క 1947 అంటుంది. అక్క మాతో కొలంబో రాలేదు. అది 1946, యుద్ధం ముగిసిన మరుసటి ఏడాది. అన్న జట్టు ఓడిపోయింది కూడా రెండు ఒకటితోనే, అక్క చెప్పే మూడు ఒకటితో కాదు. ఆ ఆట చూసినవాళ్ళలో మా ఇంట్లో నేనొక్కదాన్నే మిగిలాను కాబట్టి ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

మాది తిరుచానూరు. నాయనకు పూలతోట ఉండేది. అమ్మ మాలలు కట్టి గుడికి ఇచ్చి వచ్చేది. అన్నకు చిత్తూరులో చదివే రోజుల్లో ఫుట్‌బాల్ పిచ్చి పట్టింది. పరీక్ష తప్పిన రోజు నాయన వాడి బంతిని కొడవలితో కోసేశాడు. కొన్నాళ్ళకు అన్న తెలిసినవాళ్ళ వెంట సముద్రం దాటి, కొలంబో రేవులో గుమాస్తాగా చేరాడు. యుద్ధం నడిచినన్నాళ్ళూ రాలేదు. అమ్మకు ఉత్తరాలు రాసేవాడు. వాటిలో నాయన ఊసే ఉండేది కాదు.

ఆ ఏడాది రేవు గుమాస్తాల జట్టు కప్పు ఆఖరి ఆటకు చేరిందని, తెల్ల సోల్జర్లతో పోటీ అని, వస్తామంటే మూడు టిక్కెట్లు తీసిపెడతానని రాశాడు. నేను చదివి వినిపించాను. నాయన పైగుడ్డ భుజాన సర్దుకుని లేచాడు.

"పోదాం. వాడు ఆడతాంటే నేను ఒక్కసారి సూడాల," అన్నాడు.

వస్తున్నామని ఉత్తరం రాసి, పాకాల, కాట్పాడి మీదుగా ధనుష్కోటి చేరాం. గాలివాన వల్ల పడవ ఒకరోజు ఆగిపోయింది. దాంతో ఆట ముందురోజు చేరాల్సినవాళ్ళం సముద్రం దాటి, అవతల రైలెక్కి, ఆట రోజు మధ్యాహ్నానికి కొలంబోలో దిగాం. స్టేషనులో అన్న లేడు. అడ్రసు పట్టుకుని అన్న అద్దెకున్న ఇంటికి పోతే, ఇంటావిడ అరవంలో చెప్పింది. నిన్న రైలు దగ్గర చాలాసేపు చూశాడట. "మా నాయన ఆఖరు నిమిషంలో వద్దనుంటాడు" అని, టిక్కెట్లు స్నేహితులకు ఇచ్చేశాడట.

నేను ఆ మాటను తెలుగులో చెప్పనక్కర్లేకపోయింది. చిత్తూరు సీమవాళ్ళం, అరవం అందరికీ వచ్చు. నాయన మూటలు అక్కడే పెట్టి గబగబా రోడ్డెక్కాడు.

గ్రౌండు చుట్టూ ఎత్తైన రేకుల గోడ. గేటుకు హౌస్‌ఫుల్ బోర్డు. బయట జనం విసుక్కుంటూ వెళ్ళిపోతున్నారు. గేటు దగ్గర నెరిసిన మీసాల అరవాయన ఒకడు కర్రతో నిలబడి ఉన్నాడు. నాయన ఆయనకు చేతులు జోడించాడు.

"అయ్యా, లోపల ఆడేది నా కొడుకు."

"పెద్దాయనా, ఇందాకటినుంచి ఈ గేటుకు ఇరవై మంది తండ్రులొచ్చారు. మన జట్టులో ఆడేది పదకొండు మందే," అన్నాడాయన.

పక్కనున్నవాళ్ళు నవ్వారు. నాయన ముఖం చిన్నబోయింది. లోపల విజిల్ మోగింది. ఆట మొదలైంది.

"పదండి. మనకు రాసిపెట్టి లేదు," అంటూ నాయన వెనక్కి తిరిగాడు.

అమ్మ మాత్రం గేటు పక్కన నేల చేత్తో తుడిచి, మఠం వేసుకుని కూర్చుంది.

"ఈడ కూలబడినావేమి? లెయ్."

"యాడికి పొయ్యేది? నైవేద్యం అయినాక మళ్ళా తలుపు తీస్తారు గదా."

"ఇదేమన్నా గుడా? ఆట మే, ఆట!"

"ఆటైతే ఏమి? అంత సేపు ఎగిరేటోళ్ళు గుక్కెడు నీళ్ళు తాగరా? లోపలోళ్ళు బయటికి రారా? పాపా, ఆ గేటుకాడాయన్ను అడుగు, నైవేద్యం ఎప్పుడని."

నాకు సిగ్గేసింది. నా వయసు పద్దెనిమిది. మధ్యలో ఆట ఆపుతారా అని మాత్రం అడిగాను. కానీ ఆయన అమ్మ మాట విన్నాడు. అరవంలోనూ నైవేద్యమనే అంటారు. పొట్ట పట్టుకుని నవ్వి, "ఉందమ్మా, ఉంది. సగంలో ఆపుతారు. మీ ఊరేది?" అన్నాడు.

"తిరపతి కాడ," అంది అమ్మ.

ఆయన నవ్వు ఆపి, కర్ర గోడకు ఆనించి, "అయితే కూర్చో తల్లీ. నా చేతుల్లో ఏమీ లేదు, చూద్దాం," అన్నాడు.

అమ్మ జీవితమంతా గుడి తలుపుల వేళలతోనే గడిచింది. మూశారంటే మళ్ళీ తెరుస్తారనేది ఆమె లెక్క. నాయనకు ఆ నమ్మకం లేదు. రేకులకు చెవి ఆనించి నిలబడ్డాడు. లోపల అరుపు లేచినప్పుడల్లా "ఎవురు కొట్టినారు? ఎవురు?" అని గేటాయనను అడిగేవాడు. ఆయన సందులోంచి చూసి, సోల్జర్లు ఒకటి కొట్టారని చెప్పాడు.

సగం ఆట అయ్యాక గేటు తీశారు. టీ తాగడానికి జనం బయటికి వచ్చారు. వాళ్ళ వెనక ఒక సింహళ పెద్దాయన, భార్యను పట్టుకుని నడిపిస్తూ వచ్చాడు. ఎండకు ఆమెకు కళ్ళు తిరిగినట్టున్నాయి. రిక్షా పిలిచారు. గేటాయన వాళ్ళ దగ్గరికి పోయి సింహళంలో ఏదో చెప్పి, మావైపు చూపించాడు. ఏం చెప్పాడో నాకు ఇప్పటికీ తెలియదు. ఆవిడ రిక్షా ఎక్కబోయి ఆగి, కింద కూర్చున్న అమ్మను చూసింది. భర్త జేబులోంచి రెండు టిక్కెట్లు తనే తీసి అమ్మ చేతిలో పెట్టింది. మేం దండం పెట్టేలోపే రిక్షా కదిలింది.

రెండే. మేం ముగ్గురం.

"నువ్వు, పాప పోండి," అన్నాడు నాయన. అంటూనే మళ్ళీ గేటు లోపలికి తొంగి చూశాడు.

"నాకేం తెలుస్తాది ఆ బంతి సంగతి? నీకు దూరం ఆనదు. పాప పక్కనుండి సూపిస్తాది. పొయ్యి సూడుపో," అంది అమ్మ.

లోపల ముందురోజు వాన బురదలో అన్న జట్టువాళ్ళందరూ ఒకే రంగు చొక్కాలతో ఉన్నారు. నాయన అన్నను గుర్తుపట్టలేకపోయాడు. నేను వేలు పెట్టి చూపించాను. ఇల్లు వదిలినప్పుడు మీసం కూడా సరిగా రాని మనిషి, ఇప్పుడు తెల్లవాళ్ళ భుజానికి భుజం కొట్టి దూసుకుపోతున్నాడు. నాయన కూర్చోలేదు. వెనకవాళ్ళు అరిచినా కూర్చోలేదు. అన్న ఎడమ పక్కగా బంతి తీసుకుపోయి మధ్యలోకి తన్నాడు, ఇంకొకాయన దాన్ని గోల్లోకి కొట్టాడు. గ్రౌండు దద్దరిల్లింది.

"కొట్టింది మనోడేనా?"

"కాదు నాయనా. అన్న అందిచ్చినాడు."

"అందిచ్చింది వాడే గదా!" అని నాయన పక్కన ఎవరో తెలియని మనిషి చెయ్యి పట్టుకుని ఊపేశాడు.

ఆట ముగిసేలోగా సోల్జర్లు ఇంకొకటి కొట్టి గెలిచారు.

మేం బయటికి వచ్చేసరికి అమ్మ గేటాయన స్టూలు మీద కూర్చుని ఉంది. వేరే దారిన వచ్చిన అన్న ఆమె ముందు నిలబడి ఉన్నాడు.

"నువ్వొక్కదానివేనా? ఆయన రాలేదా?" అంటున్నాడు.

"వచ్చినాడు. లోపల నీ ఆట సూసి వస్తా ఉండాడు," అంది అమ్మ.

అన్న తల తిప్పి మమ్మల్ని చూశాడు. చిన్నప్పటి అలవాటుగా ఒక అడుగు వెనక్కి వేశాడు. నాయన ఆ అడుగు చూశాడు. దగ్గరికి పోయి, వంగి, పైగుడ్డతో అన్న మోకాలి మీది బురద తుడవడం మొదలుపెట్టాడు.

"వద్దు నాయనా, అందరూ సూస్తా ఉండారు."

"సూడనీ. దెబ్బ తగిలినాదా?"

"లేదు."

"మొదటి సగం నేను సూడలేదురా. రూముకు పొయ్యి ఒక్కటీ ఇడవకుండా చెప్పు."

ఆ రోజు వాళ్ళిద్దరూ ముందు నడిచారు, అన్న చేతులు ఊపుతూ చెబుతుంటే నాయన ఆపి ఆపి అడుగుతున్నాడు. అమ్మా నేనూ వెనక నడిచాం.