కిరాయి ఇంట్ల సావొద్దట

బాపుకు రెండు కిడ్నీలు పాడైనయని తెలిసినంక ఆయనను ఊర్ల ఉంచే వీలు లేకపోయింది. వారానికి మూడుసార్లు నల్గొండ పెద్ద దవాఖానల డయాలసిస్ చేయించాలె. మా ఊరేమో దేవరకొండ అవతల. నేను నల్గొండలనే కాలేజీల కాంట్రాక్టు లెక్చరర్‌ను, అప్పటిదాక లేడీస్ హాస్టల్ల ఉండేదాన్ని. బాపు గొర్ల మందను చిన్నాయనకు అప్పజెప్పిండు. అమ్మ సామాను మూటగట్టింది. ఇల్లు వెతుకుడు నా మీద వడ్డది.

టులెట్ బోర్డు కనవడ్డ గేటల్లా కొట్టిన. కులం ఎవ్వరు సూటిగ అడగరు. "మీరేమోళ్లమ్మా?" అంటరు. గొల్లోళ్లమని చెప్తే ముఖంల జర మార్పు వస్తది. "నీసు ఎక్కువ వండుతరేమో కదా" అన్నది ఒకామె. ఇంకొకాయన నన్ను కిందికెల్లి మీదికి చూసి, "పెండ్లి గాలేదా? మరి ఇంటికి ఎవరెవరు వచ్చిపోతరు?" అని అడిగిండు. అమ్మ, బాపు, నేను తప్ప ఎవ్వరు రారని మర్యాదగ చెప్పిన. చెప్పినందుకు రోడ్డు మీద నడుస్తుంటె నా మీద నాకే ఒళ్లుమండింది.

ఇల్లు దొరికెదాక బాపు, అమ్మ ఊరికెల్లే వచ్చిపోయేటోళ్లు. ఒకరోజు డయాలసిస్ అయినంక వాళ్లిద్దరిని ఆటోల ఎక్కించుకొనే ఇల్లు చూడవోయిన. రెండంతస్తుల ఇల్లు. పైన ఓనర్లు ఉంటరు, కింద పోర్షన్ కిరాయికి. మెట్లెక్కే పని లేదు, దవాఖాన దగ్గర. ఇదైతే మస్తుగుంటదనుకున్న.

ఓనరు సర్కారు కొలువు చేసి రిటైరైన మనిషి. ఆయన వరండాల కుర్చీల కూసున్నడు, నన్ను నిలవెట్టి అడిగిండు. కొలువేంది, పర్మనెంటా, సుట్టాలు ఎంతమంది, నీళ్లు ఎక్కువ వాడుతరా. అన్నిటికీ జవాబు చెప్పిన. ఆయనకు నచ్చినట్టే ఉన్నది. అప్పుడు గేటు బయట ఆటోల ఉన్న బాపును చూసిండు. బాపు చేతికి పట్టీ ఉన్నది, తల ఆటో కడ్డీకి ఆనిచ్చి ఉన్నడు.

"ఆయనకేమైంది?"

చెప్పిన. ఓనరు తన భార్య దిక్కు చూసిండు. ఆమె రెండడుగులు ముందుకొచ్చి, చానా మెత్తగ అన్నది.

"ఏమనుకోకు బిడ్డా. రేపు జరగరానిది జరిగితే శవాన్ని ఈడికి తేవొద్దు. దవాఖానకెల్లి సీదా మీ ఊరికే తీస్కపోవాలె. ఇంట్ల ఎవరన్న పోతే మల్ల కిరాయికి ఎవ్వరు రారు. అట్లయితెనే ఇస్తం."

బాపు వింటున్నడు. ఆటోకు, వరండాకు మధ్యల దూరమే లేదు.

"మీ ఇంట్ల ఎవ్వరు సావరా సార్?" అన్న.

"మా ఇల్లు మాదమ్మా" అన్నడు ఓనరు. కోపంగ కూడా అనలేదు. కూరగాయల ధర చెప్పినట్టు చెప్పిండు.

నేను వెనుకకు మర్రిన. ఆటోలకెల్లి బాపు గొంతు వచ్చింది. "గట్లనే కానియ్యి సారూ. నన్ను ఈడికి తేరు. నేను మాటిస్తున్న."

"బాపూ, నువ్వు ఊకో. పోదాం పా."

"యాడికి పోదాం బిడ్డా? నాకు పండుకోవాలని ఉన్నది."

ఆ ఒక్క మాటతోటి ఆ ఇంట్లకు చేరినం. ఎండకాలం మందతోటి కృష్ణ ఒడ్డుదాక పోయి, ఎవని చేన్ల వడితే వాని చేన్ల నిద్రపోయినోడు మా బాపు. ఇప్పుడు ఒక గదిల నడుము వాల్చెతందుకు తన పీనుగు మీద పరాయోనికి మాటియ్యవలసి వచ్చింది. ఓనరు మీద ఎంత కోపం వచ్చిందో, బాపు మీద గూడ అంతే వచ్చింది.

ఓనరు భార్య రోజు పొద్దుగాల మెట్ల మీద నిలవడి "ఎట్లున్నడు మీ బాపు?" అని అడిగేది. మొదట్ల దయ అనుకున్న. ఒకనాడు బాపుకు ఆయాసమొస్తే ఆమె కిందికి దిగొచ్చి, "ఇంట్ల ఎందుకు ఉంచిన్రు, దవాఖానకు తీస్కపోరాదు?" అన్నది. అప్పుడు సమజైంది.

"ఆయన ఇంకా బతికే ఉన్నడు ఆంటీ" అన్న.

అప్పటిసంది బాపు దుప్పటి అంచు నోట్ల కుక్కుకొని దగ్గేటోడు. పైకి ఇనవడొద్దని. వద్దంటే ఇననే లేదు.

బాపు వానకాలంల పోయిండు. మిషన్ మీదున్నప్పుడే బీపీ పడిపోయిందన్నరు. అమ్మ ఇంట్ల వంట చేస్తున్నది. నేను ఫోన్ చేసి చెప్పిన. అంబులెన్స్ మా గల్లీకెల్లే పోవాలె, అమ్మను ఎక్కించుకొని ఊరికి పోదామనుకున్న. బాపును లోపటికి తెచ్చే ఉద్దేశం నాకు లేదు.

అమ్మ ఏడుపు ఇని పైనోళ్లకు తెలిసినట్టున్నది, బండి ఆగేసరికి గేటుకు తాళం ఉన్నది. లోపల అమ్మ ఊచలు పట్టుకొని నిలవడ్డది. ఆమె వెనుక ఓనరు, చేతిల తాళంచెవి.

"తాళం తియ్యి సార్. మా అమ్మ రావాలె."

"ముందు బండిని మలుపు దాటియ్యి. అప్పుడు తీస్త."

నాకు కోపం ఆగలే. డ్రైవర్‌ను ఇంజిన్ బంద్ చెయ్యమన్న. నేనే పోయి బండి వెనుక తలుపులు రెండూ బార్ల తెరిచిన. గేటు ఊచల నడుమకెల్లి అమ్మకు బాపు ముఖం కనవడ్డది. అమ్మ అక్కడనే కూలవడి ఏడ్చింది. ఆ ఏడుపుకు గల్లీల జనం బయటికొచ్చిన్రు.

"ఈ బండి ఈడికెల్లి కదలదు" అన్న. "ఎంతసేపైనా సరే. మీరు తాళం తీసేదాక."

ఎదురింటాయన గట్టిగనే అన్నడు, "ఏం మనిషివయ్యా, తియ్యి తాళం." ఇంకిద్దరు గేటు దగ్గరికి వచ్చిన్రు. నలుగురు చూస్తున్నరనే ఓనరుకు సిగ్గనిపించింది, అమ్మను చూసి కాదు. తాళం తీసిండు. అమ్మ సెప్పులు గూడ లేకుండ బయటికొచ్చి బండెక్కింది.

పదకొండో దినం అయినంక సామాను తీస్కపోను వచ్చిన. శవం గేటు ముంగట నిలిచిందని, అయ్యగారితోటి శాంతి చేయించినమని, ఆ ఖర్చు మేమే పెట్టుకోవాలని ఓనరు అన్నడు. నేను బీరువా ఎత్తేటోళ్లకు దారి చూపెడుతున్న. "ఒక్క పైస గూడ పెట్ట" అన్న, ఆయన ముఖం గూడ చూడకుండ. ఆయన ఏదో గొణిగిండు గని మల్ల అడగలేదు.

అమ్మ ఊర్ల ఉన్నది. నేను మల్ల హాస్టల్ల ఉంటున్న. కాలేజీకి వేరే తొవ్వ ఉన్నా ఆ గల్లీకెల్లే పోత. నేనెందుకు తప్పుకొని తిరగాలె? ఒక్కోపారి ఓనరు గేటు కాడ నిలవడి, "బాగున్నవామ్మా?" అంటడు. ఇంతవరకు నేను జవాబియ్యలే.