తొమ్మిదింటికి ఎక్కి ఎనిమిదిన్నరకు దిగడం

ఈ సంగతి ఇంతకు ముందే రాయకపోవడానికి కారణం ఒక్కటే, నాకు అప్పట్లో అక్షరాలు రావు. అరవై దాటాక మేముండే క్రాన్‌బర్న్‌లో ఆదివారం తెలుగు బడికి వెళ్లి, చిన్నపిల్లల పక్కన కూర్చుని నేర్చుకున్నాను. ఈలోగా మా పెద్దల్లుడు దీన్ని తనకు అనుకూలంగా మార్చి విందుల్లో చెప్పుకున్నాడు. అసలు జరిగింది ఇది.

రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లు తేదీ తెలియక ఆగిపోతాయని అందరూ బెంగపడుతున్న రోజులు. వాటిని బాగుచేయమని మా అల్లుణ్ణి, మరో ముగ్గురిని నార్తర్న్ టెరిటరీలో ఒక గనుల ఊరికి పంపారు. పెద్దమ్మాయితో పాటు నేనూ వెళ్లాను. ఆ ఊరి నుంచి వారానికి ఒక్క చిన్న విమానం పడమట పక్క రాష్ట్రంలో ఉన్న కననర్రాకు వెళ్తుంది. కననర్రా ఆస్పత్రిలో మా చిన్నమ్మాయి నర్సు. దానికి పిత్తాశయంలో రాళ్లు. సర్జన్ నెలకొకసారే వస్తాడు కాబట్టి సోమవారం మధ్యాహ్నం ఆపరేషన్ అన్నారు. దాని భర్తకు పెర్త్‌లో సెలవు దొరకలేదు. "అమ్మా, నువ్వొక్కదానివి వస్తే చాలు" అని ఫోన్‌లో ఏడ్చి, టికెట్ అదే కొని పంపింది.

ఆదివారం సాయంత్రం పెరట్లో బార్బెక్యూ దగ్గర అల్లుడు ఆ టికెట్ పైకి చదివాడు.

"బయలుదేరేది తొమ్మిదింటికి. చేరేది ఎనిమిదిన్నరకి! చూశారా, వైటూకే అప్పుడే మొదలైపోయింది."

నలుగురూ విరగబడి నవ్వారు. "ఆంటీ, ప్లేన్ రివర్స్ గేర్‌లో వెళ్తుందేమో, బెల్టు గట్టిగా పెట్టుకోండి" అన్నాడొకడు, నోట్లో సాసేజ్‌తోనే.

అల్లుడు మ్యాప్ తెచ్చి స్కేలు పెట్టి కొలిచాడు. "ఈ దూరానికి గంట జర్నీ. పదింటికి దిగాలి. వాళ్ల సిస్టమ్‌లో డేటా పాడైంది అత్తయ్యగారూ, ఈ టికెట్ చెల్లదు. రేపు తొమ్మిదింటికి ఆఫీసు తెరవగానే ఫోన్ చేసి నెక్స్ట్ వీక్‌కి మార్పిస్తాను."

విమానం వెళ్లేది కూడా తొమ్మిదింటికే. అదైనా తట్టలేదు మహానుభావుడికి.

"టికెట్ సరిగ్గానే ఉంది బాబూ. మూడింటికి నేను టీ పెట్టుకునేటప్పుడు చిన్నది ఫోన్ చేస్తుందా, అప్పుడు దానికి ఒకటిన్నర. అన్నం తింటూ మాట్లాడుతుంది."

"కననర్రా బోర్డర్ పక్కనే అండీ. పక్కూరికి టైమెందుకు మారుతుంది? అందులోనూ అరగంటల లెక్కా?"

మన దేశం గడియారంలోనే అరగంట లెక్క ఉంది. క్రాన్‌బర్న్ నుంచి ప్రతి వారం అక్కడున్న వాళ్లమ్మకు ఫోన్ చేసే మనిషికి అది గుర్తు రాలేదు.

"పోనీ, దానికే ఫోన్ చేసి అడుగు" అన్నాను.

"ఆపరేషన్ ముందు తనని టెన్షన్ పెట్టకండి."

"ఆయనకి తెలీదా అమ్మా? చేసేది ఆ పనే కదా" అంది పెద్దమ్మాయి, మొగుడి ప్లేటులో మరో ముక్క వేస్తూ.

తేదీలు దిద్దడానికి అంత దూరం ఎగిరొచ్చిన నలుగురు మగాళ్లలో ఒక్కడు కూడా లేచి, ఆ ఊళ్లో టైమెంతని కనుక్కోలేదు. చదువురానిదాని మాట నిజమవుతుందేమోనన్న భయం కూడా కాదు. నా మాట వాళ్ల చెవిన పడనే లేదు.

మర్నాడు ఉదయం వాళ్లు గురకలు పెడుతుండగా, మ్యాప్ కింద నుంచి టికెట్ లాక్కుని, సంచీ భుజాన వేసుకుని ఎయిర్‌పోర్టుకు అరగంట నడిచాను. పైలట్ టికెట్ చూసి నా సంచీ అందుకున్నాడు. అక్కడి గడియారంలో ఎనిమిదిన్నరకే దిగి, ఆస్పత్రికి వెళ్లి, చిన్నదాన్ని లోపలికి తీసుకుపోయేముందు దాని చిక్కంతా తీసి, తల దువ్వి, రెండు జడలు వేశాను.