తువ్వాలు వేసిన చోటు

మా స్టూడియో అన్న పోయాడని వదిన తమ్ముడు ఫోన్ చేసేసరికి నేను కడపలో, పనిచేసే ల్యాబులో, ఒక పెళ్లి ఆల్బమ్ పేజీలు సర్దుతున్నాను. ఉదయం పదిన్నర. కర్నూలు ఆసుపత్రిలోనే పోయాడట. ఇంటికి తెస్తున్నారట, నేరుగా ఆత్మకూరుకే రమ్మన్నాడు. సరేనన్నాను. నా ఎదురుగా తెర మీద పెళ్లికొడుకూ పెళ్లికూతురూ గులాబీ పువ్వులోంచి పైకి వస్తున్నారు. ఆ పువ్వు పెట్టడం నాకు నేర్పింది ఆయనే.

నాకు ఆయన రక్తసంబంధం కాదు. ఆత్మకూరులో పెళ్లి వీడియోలు తీసే స్టూడియో ఆయనది. డిగ్రీ అయిపోయి ఇంట్లో కూర్చున్న నన్ను మిక్సింగ్ పనికి, అంటే తీసిన వీడియోను కోసి అతికే పనికి పెట్టుకున్నాడు. నాలుగేళ్లు చేశాను. మా చర్చి పెళ్లయినా, పెద్ద రైతుల ఇంటి పెళ్లయినా భోజనాల బంతిలోకి మాత్రం కెమెరా తీసుకుపోయేవాడు కాదు. తినేవాళ్లను తిననివ్వాలనేవాడు. ఆ క్యాసెట్టులో భోజనాలేవీ అని పెళ్లివాళ్లు పోట్లాటకొస్తే సమాధానం చెప్పుకోవాల్సింది నేను.

ఆయనకొక పిచ్చి ఉండేది. సినిమా తీయాలి. ప్రేమకథ కాదు, కొడవళ్ల కథ అసలే కాదు. ఒకచోట మాయమై, రెప్పపాటులో ఇంకోచోట తేలే మనుషుల కథ. సైన్సూ ఉండాలి, ఫైటింగూ ఉండాలి. పెళ్లిళ్లు లేని మూఢం రోజుల్లో, ఆ పెళ్లి కెమెరాతోనే తీసేవాళ్లం. హీరో ఆయనే, యాభైకి దగ్గరపడ్డ వయసులో, ఆ బొజ్జతో. నేను నవ్వితే పట్టించుకునేవాడు కాదు.

కథలో ఆ మనుషులు ఎక్కడపడితే అక్కడ దిగలేరు. తమ కోసం ఎవరైనా తువ్వాలు వేసి ఉంచిన చోటే దిగగలరు. బస్సు కిటికీలోంచి సీటు మీదికి తువ్వాలు విసిరి చోటు పట్టుకుంటాం కదా, ఆయన సైన్సంతా అదే. విలన్ మనుషులు చేసే దుర్మార్గమల్లా ఆ తువ్వాళ్లు లాగేయడం. శ్రీశైలం ఘాట్ రోడ్డు పిట్టగోడ మీద ఒక ఎర్ర తువ్వాలు కోసం ఆయన ముగ్గురితో చేసిన ఫైటింగు నేను నూరుసార్లు చూసుంటాను. ప్రతిసారీ చివర్లో ఆయన పంచె ఊడుతుంది.

మాయం చేయడంలో పెద్ద కిటుకేమీ లేదు. కెమెరాను స్టాండు మీద కదలకుండా ఉంచాలి. మనిషి పక్కకు తప్పుకోవాలి. తర్వాత కూడా ఆ ఖాళీ చోటును కాసేపు తీయాలి. మధ్య ముక్క కోసేస్తే సరి. "మాయం చేసేది ఎవడైనా చేస్తాడు పాపా, దిగే చోటు బాగా చూపియ్యాల" అనేవాడు. దిగే చోటు తీయడానికే ఎక్కువ తంటాలు పడేవాళ్లం.

ఒకసారి కర్నూలు బస్సులో దిగే షాటు. బస్టాండులో సీటు మీద తువ్వాలు వేసి, ఖాళీ సీటును కెమెరాలో తీసి నేను కిందికి దిగాను. ఆయన చొక్కా మార్చుకుని వచ్చేలోపు బస్సు కదిలిపోయింది. తువ్వాలుతో సహా. వెనక బస్సులో కర్నూలు దాకా వెంబడించాం. అక్కడ కండక్టరు తువ్వాలు మడతపెట్టి చేతికిస్తూ కోప్పడ్డాడు. బస్సు నిండా జనం, నందికొట్కూరులో ఇంకా ఎక్కారట, అయినా ఆ సీటులో ఎవరూ కూర్చోలేదట. "మనిషొస్తాడు, మనిషొస్తాడు అనుకుంటా అంత దూరం నిలబడుకోనే వచ్చినారప్పా" అన్నాడు. మా అన్న సంతోషం చూడాలి. తన సైన్సు రుజువైపోయిందని బస్టాండులో అందరికీ టీ తాగించాడు.

అంతా తీశాం, చివరి సీను తప్ప. హీరో ఇంటికి తిరిగి రావాలి. పెళ్లాం మంచం మీద తువ్వాలు వేసి ఉంచుతుంది, ఆయన వచ్చి దాని మీద కూర్చుంటాడు. తీద్దామని నేనెప్పుడన్నా, మన ఇల్లే కదా, యాడికి పోతాది అనేవాడు. అట్లా రెండు మూఢాలు గడిచాయి. నాకు కడపలో పని దొరికింది. ఆయనకు గుండె జబ్బొచ్చింది. గట్టిగా పట్టుబట్టి ఒక్క గంటలో తీసేయనందుకు నా మీద నాకే కోపం.

పోవడానికి మూడు రోజుల ముందు ఆసుపత్రికి వెళ్లి చూశాను. ముక్కుకు గొట్టం. మాట పీలగా వస్తోంది. నా చెయ్యి పట్టుకుని, "ఇంటికి పోదాం పాపా. ఈడ వద్దు" అన్నాడు. డాక్టరును అడిగాను. గొట్టం తీస్తే నందికొట్కూరు కూడా దాటడన్నాడు. కాసేపాగి మళ్లీ వెళ్లి అడిగాను. అదే మాట. వచ్చి మంచం పక్కన నిలబడ్డాను. ఆయనే నా ముఖం చూసి, "పోనీ, మీ వదినకు చెప్పు. నా మంచం మీద తువ్వాలు ఎయ్యమను" అన్నాడు.

నవ్వుతాడేమోనని చూశాను. నవ్వలేదు. బట్టలు తేవడానికి ఆ పూట ఇంటికి పోయిన వదినకు అక్కడి నుంచే ఫోన్ చేసి చెప్పాను. వేశానని ఐదు నిమిషాల్లో తిరిగి ఫోన్ చేసింది. అది చెబితే ఆయన కళ్లు మూసుకుని తల ఊపాడు. నా చేతనైంది అంతే.

నేను ఆత్మకూరు చేరేసరికి ఆయన్ను ఇంటి ముందర షామియానా కింద పడుకోబెట్టి ఉంచారు. ఒక్కసారి లోపలికి తెమ్మని వదిన అందరినీ అడుగుతోంది. ఆయన పెదనాన్న తల అడ్డంగా ఊపాడు. "బయట పోయిన మనిషిని గడప దాటించగూడదు తల్లీ" అన్నాడు. ఆ ముసలాయన ఏడుస్తూనే అన్నాడు ఆ మాట. మా చర్చి ఇళ్లలోనైతే పెట్టెను ముందు ఇంట్లోకే తెస్తాం. ఆ ఇంటి ఆచారం గురించి మాట్లాడటానికి నేనెవరిని? తెరిచిన తలుపులోంచి మంచం కనబడుతోంది, దాని మీద ఎర్ర తువ్వాలు కనబడుతోంది. పది అడుగులుంటుందేమో. అక్కడి నుంచే తీసుకుపోయారు.

పదకొండో రోజున మళ్లీ వెళ్లాను. సంచిలో కెమెరా ఉంది. ఖాళీ మంచాన్నైనా తీద్దామనుకున్నాను గానీ, కెమెరాను సంచిలోంచి బయటపెట్టలేకపోయాను. పరామర్శకు వచ్చినవాళ్లందరూ చాప మీద కూర్చుని ఉన్నారు. ఇంతలో మోకాళ్ల నొప్పులతో కుంటుకుంటూ ఒక పెద్దామె వచ్చి, మంచం మీద కూర్చోబోయింది. వదిన వంటింట్లోంచి చూసింది.

"ఆడ కాదత్తా," అంది. "మనిషొస్తాడు."

పెద్దామె తువ్వాలు వంక చూసింది. గోడ పట్టుకుని నిలబడింది.