తాగనివాడి నడక

మేరీకి కోపం ముక్కు మీదే ఉంటుందని రెంజల్‌లో అందరూ అంటారు. ఉండదూ మరి! కట్టుకున్న దేవదాస్ జన్మలో కల్లు ముట్టలేదు. అలాంటివాడికి తాగుబోతు ముద్ర వేసి మూడేళ్లు, చర్చిలో రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్లకు దూరం పెట్టారు.

దేవదాస్ చెరుకు ట్రాక్టర్ నడిపేవాడు. ముందు అరికాళ్లు మొద్దుబారాయి. బ్రేకు మీద కాలుందో లేదో తెలియక ఒకరోజు బోధన్ రోడ్డులో బండిని కాలువలోకి దించాడు. తర్వాత పాదాలు ఈడుస్తూ, తూలుతూ నడిచేవాడు. మొహం నల్లబడింది, పొట్ట ఉబ్బింది. సంఘపెద్ద చిన్నయ్యకు ఇంకేం కావాలి!

"తాగుడు బంద్ చెయ్. గప్పుడు బల్లకు రా," అన్నాడు చర్చి మెట్ల మీద, అందరూ వింటుండగా. దేవదాస్ తల వంచుకున్నాడు. మేరీకి ఒళ్లు మండిపోయింది.

డాక్టర్లు మాత్రం తక్కువ తిన్నారా? కాళ్ల డాక్టరు షుగర్ అన్నాడు. పరీక్షలో షుగర్ లేకపోయినా అదే మాట. పొట్ట డాక్టరు లివర్ పెరిగిందని, "ఎన్నేళ్ల నుంచి తాగుతున్నావ్?" అని గద్దించాడు. చర్మం డాక్టరు ఎండ దెబ్బని మలాం రాశాడు. ఎవడి ముక్క వాడు చూశాడు గానీ, మనిషిని చూసినవాడు ఒక్కడూ లేడు.

చివరికి నిజామాబాద్‌లో త్రివేణి అనే డాక్టరమ్మ చొక్కా విప్పమంది. తెల్లబడ్డ గోళ్లు, కాళ్ల మీద దట్టంగా మొలిచిన వెంట్రుకలు, పెరిగిన రొమ్ములు, ఛాతీ మీద ఎర్రటి చుక్కలు చూసింది. పాత కాగితాలన్నీ బల్ల మీద పరిచింది.

"ఇవి మూడు రోగాలు కావమ్మా, ఒక్కటే అనిపిస్తోంది," అంది.

పరీక్షలు చేయిస్తే రక్తంలో ఉండకూడని ప్రోటీన్ బయటపడింది. ఎముక మజ్జలో ప్లాస్మా కణాలు దారి తప్పాయట. నరాలను, లివర్‌ను, చర్మాన్ని ఒకేసారి పట్టే ఆ జబ్బు పేరు పోయెమ్స్ అట.

"నడుస్తడా అమ్మా?"

"మందులు మొదలుపెడదాం. నరాలు కోలుకోవడానికి ఏడాదో రెండేళ్లో పడుతుంది. ముందే వచ్చి ఉంటే..."

"ముందే వచ్చినమమ్మా! ముగ్గురి కాడికి వోయినం!" మేరీ అరుపుకు బయట కూర్చున్నవాళ్లు లేచి నిలబడ్డారు.

ఆ ఆదివారం దేవదాస్‌ను కుర్చీలో చర్చికి మోయించుకొచ్చింది. తమకు జరిగింది సాక్ష్యంగా చెప్పేవాళ్లు ముందుగా దేవునికి స్తోత్రం అనడం ఆనవాయితీ. మేరీ లేచింది గానీ ఆ మాట అనలేదు.

"నా పెనిమిటిది రోగం. తాగుడు కాదు. గీ మూడేండ్లల్ల ఒక్కలన్న దగ్గరికొచ్చి ఆయన నోటి వాసన సూసిండ్రా?"

ప్రభువు బల్ల వేళకు చిన్నయ్యే గిన్నె తీసుకుని కుర్చీ దగ్గరికి వచ్చాడు. దేవదాస్ ఆశగా చేతులు చాచాడు. మొద్దుబారిన వేళ్లకు పట్టు దొరకలేదు. ద్రాక్షరసం తెల్లచొక్కా నిండా ఒలికింది.

"ఇగ ఇప్పుడు సూడు చిన్నయ్యన్నా," అంది మేరీ, "వాసనొస్తది."