అక్క పెళ్లిపాట మింగిన కంపైలర్

మా అక్క పెళ్లిని చర్చి గుమ్మం దగ్గరే ఆపేసిన మహానుభావుణ్ణి నేను. మేనమామ అలగలేదు, వరుడు పారిపోలేదు, కూరలో ఉప్పు కూడా సరిపోయింది. అన్నీ సవ్యంగా ఉన్నచోట నేనొక్కణ్ణే సరిపోయాను.

నస్పూర్‌లో మా చర్చి గోడ మీద పాటలు చూపించే ప్రోగ్రాం నేను రాసిందే. ఊరికే ఇస్తాను కాబట్టి ఇంకొన్ని చర్చిలూ వాడుకునేవి. ఏ కంప్యూటర్‌లో పెట్టినా, అందులో ఉన్న కంపైలర్ నా రాతను ఆ యంత్రానికి తెలిసే భాషలోకి మార్చిపెట్టాలి. కంపైలర్ మరీ పాతదైతే కొత్త తరహా రాత దానికి అర్థం కాదు. మీకు ఇంతవరకూ తెలిస్తే చాలు. అప్పట్లో నాకూ అంతకంటే ఎక్కువేం తెలియదు.

నేనసలే కుర్చీలో కుదురుగా కూర్చోలేని మనిషిని. పాత కంపైలర్ల కోసం వంకర టింకరగా రాయాల్సి వచ్చినప్పుడల్లా ఒళ్లు మండేది. ఒకరోజు ఇక తట్టుకోలేక, ప్రోగ్రాంలో నాకు సాయం చేసే దావీదుకు ఆదిలాబాద్‌కు ఫోన్ కొట్టాను.

"రెండేండ్లు దాటిన కంపైలర్లను ఇడిసిపెడుతున్న."

"అరే, జర ఆగరాదు! చర్చిలల్ల అన్నీ పాత కంప్యూటర్లే ఉంటయి. ఏడ ఏమున్నదో అడిగి చూద్దాం."

"అడుగుకుంట కూసుంటే ముసలోళ్లమైతం. ఇంకా ఎన్నేండ్లు మోయాలె రా?"

"వాడెటోళ్లు ఉన్నన్ని రోజులు."

"గట్లయితే నువ్వే మోసుకో!"

ఫోన్ పెట్టేశాను. తెల్లారితే అక్క పెళ్లి. అయినా ఆగబుద్ధి కాలేదు. ఆ సాయంత్రమే పాతవాటికి సెలవిచ్చి, ప్రోగ్రాం కొత్త కూర్పును లోకం మీదికి వదిలాను. నా ల్యాప్‌టాప్‌లో చక్కగా నడిచింది. లోకమంటే నా ల్యాప్‌టాపే కదా, ఇంకేం చూడాలి?

అక్క తన పెళ్లికి ఎంచుకున్న పాట కొత్తది, సంఘంలో ఎవరికీ నోటికి రాదు. "తమ్మీ, నేను లోపలికి వచ్చేటప్పుడు అందరు పాడాలె. పాట నీ మీదనే ఉన్నది" అని చెవిలో పోరుతూనే ఉంది. "ఫికర్ చెయ్యకు" అన్నాను. నేను ఆ మాట అన్నానంటే ఫికర్ మొదలుపెట్టాలని ఇప్పుడు మా ఇంట్లో అందరికీ తెలుసు.

చర్చి నిండా జనం. గుమ్మం బయట ఎండలో అక్క, పక్కన తండ్రి హోదాలో బాపు. మా పాస్టర్ అయ్యగారు నావైపు చూసి తలూపారు. చర్చి కంప్యూటర్ ఆన్ చేశాను. నేను నేర్పినట్టే అది బుద్ధిగా కొత్త కూర్పును దింపుకుంది, పాతదాన్ని చెరిపేసింది, కొత్తదాన్ని తయారుచేయబోయింది. దాని కంపైలర్ ఏ కాలం నాటిదో, నా రాత చూసి బెదిరిపోయింది. గోడ మీద బారెడేసి అక్షరాలతో ఇంగ్లిషు తప్పులు ఒకదాని మీద ఒకటి పైకి పాకసాగాయి.

మగపెళ్లివాళ్లు అది ఇంగ్లిషు కీర్తన అనుకొని మర్యాదగా లేచి నిలబడ్డారు. కీబోర్డు వాయించే సామేలు మామ గోడను ఎగాదిగా చూసి నా మీదికి వంగాడు.

"అల్లుడా, గిది ఏ రాగం?"

"రాగం కాదు మామా, ఎర్రర్!"

"గది నాకు రాదు. తబలా ఒక్కటి మొదలువెట్టమనాల్నా?"

అయ్యగారు దగ్గరికొచ్చి మెల్లగా అన్నారు. "బిడ్డా, పిల్ల ఎండల నిలవడ్డది."

"రెండు నిమిషాలు, అయ్యగారూ!"

దావీదుకు ఫోన్ చేశాను. "అన్నా, పాతది మళ్ల పెట్టాల్నంటె ఎట్ల?"

"ఇప్పుడు అన్ననైతినా? ఆ కంప్యూటర్ పాతది తయారుచేసుకునేటాలకు గంట వడ్తది."

నాకు నిజంగానే ఏడుపొచ్చింది. అక్క నన్ను అడిగింది ఒక్క పాట. అదీ ఇవ్వలేకపోయాను.

అప్పుడు గుమ్మం దగ్గర గొంతు లేచింది. ముసుగు వెనక్కి తోసి, అక్కే పాట ఎత్తుకుంది. బాపు చేయి పట్టుకొని, తన పెళ్లికి తనే పాడుకుంటూ నడిచొచ్చింది. రెండో చరణానికల్లా జనమంతా పల్లవి అందుకున్నారు. నా పక్కకు రాగానే, ఊపిరి తీసుకునే సందులో, ముఖం మీది నవ్వు చెదరకుండా, "ఇంటికి రా, నీ సంగతి చెప్త" అని మళ్లీ పాటలోకి వెళ్లిపోయింది. శ్రుతి ఇసుమంతైనా తప్పలేదు.

కనుక సంఘమంతటి ఎదుట ప్రమాణం చేస్తున్నాను. ఆ కంప్యూటర్ తన చావు తాను చచ్చి, దానికి జ్ఞాపకార్థ కూడిక జరిగి, వచ్చినవాళ్లందరూ అన్నాలు తిని చేతులు కడుక్కునేదాకా పాత కంపైలర్ చేయి వదలను. ఆ కూడికలో పాటలు మాత్రం పుస్తకం చూసే పాడతాం.