అప్పగింతల బాణీ

చిత్తూరు బ్యాండ్ మేళాల్లో ట్రంపెట్ అంటే కాశింవలే. పక్కింటివాణ్ణి కాబట్టి చెప్పే గొప్ప కాదిది. అప్పగింతల వేళ అతనొక బాణీ వాయించేవాడు. పెళ్ళికూతురి తండ్రి సంగతి సరే, వంటవాళ్ళు కూడా గరిటె పక్కన పెట్టి కళ్ళు తుడుచుకునేవాళ్ళు.

ఆ బాణీ నేర్పింది మేళం పెద్ద ప్రేమానందం మాస్టరు. తానే కట్టానని చెప్పి, ట్రంపెట్ మీద చెయ్యి వేయించి, ఇంకెవరికీ నేర్పనని ఒట్టు వేయించుకున్నాడు. అదే మేళంలో వాయించే సొంత తమ్ముడు తౌసిఫ్ ఏడాది పాటు బతిమాలినా కాశింవలి నేర్పలేదు. "నేను పరాయోడినా భాయ్?" అని తౌసిఫ్ తన ట్రంపెట్ అమ్మేసి, పలమనేరు పోయి స్టవ్వులు బాగుచేసే కొట్టు పెట్టుకున్నాడు. ఎనిమిదేళ్ళు మాటల్లేవు. ప్రతి రంజాన్‌కూ తమ్ముడొస్తాడేమోనని కాశింవలి వీధి చివరిదాకా పోయి చూసొచ్చేవాడు. నాకైతే ఒళ్ళు మండేది. బాణీ కోసం తమ్ముణ్ణి వదులుకునే మనిషిని ఏమనాలి?

1999లో తిరుపతిలో ఒక పెళ్ళికి వాయించాడు. అక్కడికొచ్చిన హరినాథ్ అనే లెక్చరరు, "ఈ ఆల్బం మీకు యాడ దొరికిందప్పా?" అని అడిగాడు. కాశింవలి బిక్కమొహం వేశాడు. ఆయన ఇంటికి తీసుకుపోయి సీడీ పెట్టాడు. స్పెయిన్ దేశపు పాత పాటలు తీసుకుని అమెరికా జాజ్ వాళ్ళు పెద్ద ఆర్కెస్ట్రాతో చేసిన ఆల్బం అట. వెనక బోలెడు వాయిద్యాలు, ముందు ఒక్క ట్రంపెట్. అదే బాణీ, ఒక్క స్వరం తేడా లేదు.

మర్నాడు ట్రంపెట్ చంకన పెట్టుకుని, నన్ను తోడు పిలుచుకుని మాస్టరు ఇంటికి పోయాడు.

"మద్రాసు హోటల్లో వాయించేటప్పుడు రికార్డు విని ఎత్తినాన్రా," అన్నాడు ముసలాయన, ఏమాత్రం తొణక్కుండా. "మీ తమ్ముడికీ వచ్చుంటే మీ ఇద్దరూ వేరే మేళం పెట్టుకోని పోయుంటారు గదా."

"నా తమ్ముణ్ణి నాకు కాకుండా చేసినావు మాస్టరూ!"

ఇరవై ఏళ్ళు ఆయన ముందు గొంతెత్తనివాడు అరిచాడు. అరుస్తూనే ఏడ్చాడు. నాకూ ఆ ముసలాయన్ని పట్టి కుదిపేయాలనిపించింది.

అటునుంచటే బస్సెక్కి పలమనేరు పోయాం. కాశింవలి జరిగిందంతా చెప్పి, ట్రంపెట్ ముందుకు చాపి, "దా, ఇప్పుడే నేర్పిస్తా," అన్నాడు.

తౌసిఫ్ ట్రంపెట్ ముట్టుకోలేదు. మసి చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు.

"ఆ బాణీ తనదని ఆయప్ప నీకు అబద్ధం చెప్పినాడు, నిజమే. నేను నీ తమ్ముణ్ణి కాదని ఎవురు చెప్పినారు భాయ్?"