మడ అడవిలో నా గొంతు

దెయ్యాలు, ఆత్మలు, గాలి సోకడం లాంటి మాటలు ఎవరైనా ఎత్తితే లేచి పక్క గదిలోకి వెళ్ళిపోయే మనిషిని నేను. ఇరవై రెండేళ్ళుగా తెనాలిలో ఒక కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతున్నాను. ఆదివారం చర్చికి వెళ్తాం, పడుకునే ముందు ప్రార్థన చేసుకుంటాం. అంతకు మించి కంటికి కనపడని వాటి జోలికి నేనెప్పుడూ పోలేదు. అందుకే ఇది రాయడానికి రెండేళ్ళు పట్టింది.

ప్రసన్న నా దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయి. ఊరు బాపట్ల. తండ్రి లేడు, తల్లి స్కూల్లో టీచరు. అడవులదీవి దగ్గర సముద్రపు పాయల వెంట ఉన్న మడ అడవిని నరికి రొయ్యల చెరువులు తవ్వారు. వాటిలో కొన్నింటిని తర్వాత వదిలేశారు. అక్కడ మడ మొక్కలు వాటంతట అవే ఎంతవరకు తిరిగి మొలుస్తున్నాయో చూడటం ప్రసన్న పరిశోధన. నెలకొకసారి ఇద్దరం రేపల్లె దాకా రైల్లో, అక్కణ్ణించి ఆటోలో వెళ్ళి, పడవెక్కి అడవిలోకి వెళ్ళేవాళ్ళం. తాడుతో చదరాలు కట్టి, ఒక్కో చదరంలో మొక్కలు లెక్కపెట్టుకుని వచ్చేవాళ్ళం.

ఆ నెల నాకు జలుబు చేసి, దగ్గు పట్టి, చివరికి గొంతు పూర్తిగా పోయింది. వారం రోజులు గుసగుసగా కూడా మాట్లాడొద్దన్నారు డాక్టరు. మాట్లాడదామన్నా ఏమీ రావట్లేదు. ఇంట్లో అందరికీ చీటీలు రాసి చూపిస్తున్నాను. ఈసారికి మానుకుందామని ప్రసన్నకు మెసేజ్ పెట్టాను. ఆమె ఒప్పుకోలేదు. ఒక్క నెల లెక్క తప్పినా ఏడాది పని చెడుతుందని ఆమె భయం.

"మీరు పడవలో కూర్చోండి మేడమ్. నేను లెక్కపెట్టుకొచ్చేస్తాను" అంది.

సరేనని మెసేజ్ పెట్టాను. ఆ అడవిలోకి ఎవరూ ఒంటరిగా వెళ్ళకూడదని క్లాసులో చెప్పేదాన్ని నేనే.

అది అమావాస్య వెళ్ళిన మర్నాడు. అలాంటి రోజుల్లో సముద్రం బాగా వెనక్కి తగ్గి, పాయల్లో బురద బయటపడుతుంది. లెక్కలకు మంచి సమయం. కానీ పోటు కూడా అంతే బలంగా వస్తుంది. పడవ నాంచారయ్యది. అరవై దాటిన మనిషి, మేం బాబాయ్ అని పిలుస్తాం. ప్రసన్న దిగేటప్పుడు ఆయన గట్టిగానే చెప్పాడు.

"రెండింటికల్లా పోటు అందుకుద్ది పాపా. ఒంటిగంటకల్లా పడవకాడ ఉండాల."

"ఉంటా బాబాయ్" అంటూ పదకొండింటికి చెట్లలోకి వెళ్ళింది. తిరిగి రావడానికి గుర్తుగా దారి పొడవునా కొమ్మలకు ఎర్ర గుడ్డ ముక్కలు కట్టి ఉంటాయి.

ఒంటిగంట అయింది. ఒకటిన్నర అయింది. లోపల ఫోన్ సిగ్నల్ ఉండదు. బాబాయ్ దిగి, ఆమె పేరు పిలుస్తూ లోపలికి వెళ్ళాడు. ఆగలేక నేనూ దిగాను. మోకాళ్ళ దాకా బురద. పిలవాలని నోరు తెరిచాను. గాలి తప్ప ఏమీ రాలేదు. ఎంత బలం పెట్టినా నా పక్కనున్న కొంగకు కూడా వినపడలేదు, అది ఎగరలేదు. జీవితంలో అంత చేతకానిదాన్నని నాకెప్పుడూ అనిపించలేదు.

బాబాయ్ తిరిగొచ్చేసరికి నీళ్ళు ఆయన్ను నడుం దాకా తడిపాయి.

"గుడ్డముక్కలెంట సగం దూరం దాకానే అడుగులు ఉన్నయ్యమ్మా. ఆణ్ణించి అడుగులు కనపడట్లా. నీళ్ళు కమ్మేసినయ్."

అడవికి అవతల ఇంకో పాయ ఉంది, అటునుంచి వెతుకుదామన్నాడు. ఇంజను వేసి చుట్టూ తిరిగి వెళ్ళాం. ఆ పాయ మొదట్లోనే పడవ బురదమేటలో కూరుకుపోయింది. ఇంజను ఆపేశాడు. నీరు పెరిగి పడవ తేలేదాకా చేసేదేమీ లేదు. అప్పుడు రెండూ ఇరవై అయింది. ప్రసన్నను వదిలిన చోటికి కిలోమీటరు పైనే దూరంలో ఉంటాం. చీటీ మీద 'అరవండి బాబాయ్' అని రాసి ఇచ్చాను. ఆయనకు చదువు రాదు. నా మొహం చూసి అర్థం చేసుకుని, గొంతు చీరుకుపోయేలా అరుస్తూనే ఉన్నాడు. జవాబు లేదు.

నేను ప్రార్థన చేశానా అంటే, చేశాననే చెప్పాలి. ప్రభువా, ప్రభువా అనుకోవడం తప్ప ఇంకో మాట తోచలేదు. ఆమె తల్లి కళ్ళముందు మెదులుతోంది. బాపట్ల వెళ్ళి ఆవిడకు ఏమని చీటీ రాసి చూపించాలి?

మూడుంబావుకు పడవ తేలింది. రెండు మలుపులు తిరిగాక బాబాయ్ ఒక్కసారిగా లేచి నిలబడ్డాడు.

"అదుగో, చున్నీ!"

ఒక వంపు తిరిగిన చెట్టు కొమ్మకు పసుపు చున్నీ కట్టి ఉంది. కింద చిన్న దిబ్బ, అదీ మునుగుతోంది. చెట్టు కొమ్మల మధ్య ప్రసన్న. ఒంటినిండా బురద, కాలికి ఆల్చిప్ప కోసుకున్న గాయం, కళ్ళజోడు లేదు. బతికి ఉంది. పడవలోకి లాగి, ఇద్దరం ఒకరినొకరు పట్టుకుని ఏడ్చేశాం. నాకు శబ్దం లేకుండానే ఏడుపొచ్చింది. బాబాయ్ అటు తిరిగి తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. ఆ క్షణంలో నాకు కలిగిన నిమ్మళం ఇంతా అంతా కాదు. నా బిడ్డ పుట్టిన రోజున కూడా అంత తేలికపడలేదేమో.

కాసిని నీళ్ళు తాగి ప్రసన్న నా చేయి పట్టుకుంది.

"మీ గొంతు ఎప్పుడొచ్చింది మేడమ్? మీరు పిలవకపోతే నేను ఎప్పుడో కూలబడిపోయేదాన్ని."

బాబాయ్ నా వైపు చూశాడు. నేను తల అడ్డంగా ఊపాను. ఆమెకు అర్థం కాలేదు.

"అదేంటి మేడమ్? ఇంతసేపూ ఆ చెట్ల వెనకాలే ఉన్నారుగా!"

"ఆవిడకి మాట యాడుందమ్మా? పొద్దుట్నించీ అరిసింది నేను" అన్నాడు బాబాయ్.

"మీ అరుపు నాకు ఒక్కసారి కూడా వినపళ్ళేదు బాబాయ్."

తర్వాత దారిలో ఆమె చెప్పిందిది. తిరిగి వచ్చేటప్పుడు సగం దారిలో పీతల బోనులకు ఎవరో కట్టిన ఎర్ర గుడ్డలు చూసి, మన గుర్తులే అనుకుని అటు వెళ్ళింది. జారి పడినప్పుడు కళ్ళజోడు, మెడలో విజిల్ రెండూ బురదలో పోయాయి. కళ్ళజోడు లేకపోతే ఆమెకు నాలుగడుగుల అవతల అంతా మసక. నీళ్ళు పెరుగుతున్నాయి. అప్పుడు కుడివైపు నుంచి నేను పిలిచానట. ఎడమకు వెళ్ళమన్నాను. అక్కడ నేల గట్టిగా ఉందన్నాను. చెట్టెక్కమన్నాను, చున్నీ విప్పి పై కొమ్మకు కట్టమన్నాను. కళ్ళు తిరుగుతుంటే నిద్రపోవద్దని అంటూనే ఉన్నాను. ప్రతి మాట చివరా "వింటున్నావా?" అని అడిగాను. నా అలవాటు అదే. క్లాసులో పిల్లలు నన్ను చూసి నవ్వుకునేది కూడా అందుకే.

భయంలో అలా అనిపించి ఉంటుందని సర్దిచెప్పుకున్నాను. మూడేళ్ళుగా రోజూ వినే గొంతు, ఆపదలో మనసే దాన్ని వినిపించి ఉండొచ్చు. మూడో రోజున ప్రసన్న తన నోటుబుక్కు ఆరబెట్టి తెచ్చి చూపించింది. ఏది జరిగినా టైముతో సహా రాయమని నేర్పింది నేనే. చెట్టు మీద కూర్చుని, దారిలో వాచీ చూసి గుర్తుపెట్టుకున్న టైములు కూడా కలిపి, పుస్తకం కళ్ళకు ఆనించుకుని పెన్సిల్‌తో రాసింది. అక్షరాలు వంకరగా ఉన్నా చదవొచ్చు.

'2.25. మేడమ్ కుడివైపు నుంచి పిలిచారు. ఎడమకు వెళ్ళమన్నారు.'

'2.40. దిబ్బ. మేడమ్ చెప్పినట్టే గట్టిగా ఉంది.'

'2.55. చున్నీ కట్టాను. మేడమ్ దగ్గరలోనే ఉన్నారు, కనపడట్లేదు.'

'3.10. ఇంకాసేపే అంటున్నారు.'

ఆ నలభై ఐదు నిమిషాలూ నేను బురదమేట మీద ఆగిన పడవలో, నోరు పెగలక కూర్చుని ఉన్నాను. ఆ దిబ్బ సంగతి నాకు తెలియదు. ఆ వైపు ఎప్పుడూ వెళ్ళలేదు. బాబాయ్‌ని అడిగితే, పాయలో వెళ్ళేటప్పుడు దాన్ని చూశానన్నాడు, కానీ అడవిలోంచి దానికి దారి ఉందని తనకూ తెలియదన్నాడు. పోనీ నేను మనసులో అనుకున్న మాటలే ఏదో విధంగా ఆమెకు అందాయందామా? నేను అనుకున్నది 'ప్రభువా' అని మాత్రమే. ఎడమ, కుడి, చున్నీ, ఇవేవీ నా మనసులోకి రాలేదు. తెలిసిన డాక్టరొకామెకు నోటుబుక్కు చూపించాను. ప్రాణభయంలో ఇలాంటివి వినిపిస్తాయంది. నేల గట్టిగా ఉందని ప్రాణభయానికి ఎలా తెలిసిందో ఆమె చెప్పలేకపోయింది.

ప్రసన్న కాలి గాయం మానింది. కొత్త కళ్ళజోడు వచ్చింది. రెండు నెలలు ఆగి మళ్ళీ అడవికి వెళ్ళాం, ఇద్దరం కలిసే దిగాం. ఆమె చదరాల్లో మొక్కలు బాగానే లేస్తున్నాయి. పరిశోధన ఆఖరికొచ్చింది. ఇవన్నీ తలుచుకున్నప్పుడు గుండె నిండా గాలి పీల్చుకుంటాను.

ప్రసన్న దొరికిన పది రోజులకు నా గొంతు తిరిగొచ్చింది. ఆ ఉదయమే బాపట్ల నుంచి ప్రసన్న తల్లి ఫోన్ చేసింది. ఫోనెత్తాను గానీ చాలాసేపు ఆవిడే మాట్లాడింది, మధ్యలో ఏడ్చింది.

"మా అమ్మాయి అంతా చెప్పిందండి. అంతసేపూ దగ్గరుండి మాట్లాడుతూనే ఉన్నారంట కదండీ. మీ రుణం ఎట్లా తీర్చుకోవాలండి?"

ఆ సమయంలో ప్రసన్న దగ్గర నేను లేనని ఆవిడకు చెప్పాలి. చెప్పబోయాను. మరి ఎవరున్నారని అడిగితే ఏమని చెప్పను?

"అవునండి" అన్నాను.

అది అబద్ధమో కాదో నాకు ఈరోజుకీ తెలియదు.